పన్ను తగ్గింది, ఎర్తింగ్ మాటేమిటి?

ఎయిర్ కండిషనర్లపై జీఎస్టీని 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గిస్తూ 2025 సెప్టెంబర్ 22న అమలులోకి వచ్చిన నిర్ణయం బస్తర్ జిల్లా కేంద్రమైన జగదల్‌పూర్ మధ్యతరగతికీ ఊరటే. గ్యాస్ గొట్టాలు కలిపే పని లేనందున విండో ఏసీని ఇంటివారే బిగించుకోవచ్చునన్న ధీమా కూడా సహజమే. అయితే అందులో సగమే నిజం.

కిటికీకి బిగించడం పెద్ద విద్యేమీ కాదు. సుమారు 50 కిలోల బరువును మోసే ఇనుప ఫ్రేమ్, ఎత్తడానికి ఇద్దరు మనుషులు, నీరు బయటికి కారేలా వెనుకకు కొద్దిపాటి వాలు ఉంటే చాలు. (పెంకుటింటి మట్టిగోడ మాత్రం ఈ బరువుకు తగదు.) చిక్కంతా తీగ దగ్గరే. టన్నున్నర యంత్రం 7, 8 ఆంపియర్ల విద్యుత్తును గంటల తరబడి లాగుతుంది. ఫ్యాన్లకు, దీపాలకు వేసిన సన్నని తీగ ఆ భారానికి వేడెక్కి కాలిపోయే ప్రమాదముంది. బోర్డు నుంచి విడిగా లైను, 16 ఆంపియర్ల సాకెట్, ఎంసీబీ అవసరం. యంత్రం ఇనుప కవచానికి కరెంటు పాకితే దానిని భూమిలోకి పంపి ప్రాణం కాపాడేది ఎర్తింగే. నేల ఎండిన కొద్దీ ఎర్తింగ్ బలహీనపడుతుంది. అంటే సరిగ్గా ఏసీ నడిచే మే నెలలోనే రక్షణ సన్నగిల్లుతుందన్నమాట. ఎర్త్ గుంతలో నీళ్లు పోయాలని కొనుగోలుదారుకు చెప్పేవారేరీ?

గృహోపకరణాన్ని మార్చుకునే వెసులుబాటును విద్యుత్ భద్రతా నిబంధనలు ఇంటి యజమానికి ఇచ్చాయి. కొత్త లైను వేయడం మాత్రం లైసెన్సు గల కాంట్రాక్టరు పని. యంత్రం ఎంత కరెంటు తింటుందో తెలిపే స్టార్ లేబుల్‌ను 2010లో తప్పనిసరి చేసిన ప్రభుత్వం, ఇంటి తీగ దానిని మోయగలదా అన్న పరీక్షను అమ్మకంతో ముడిపెట్టలేదు. పన్ను రాయితీతోపాటు ఆ తనిఖీ బాధ్యతను విద్యుత్ పంపిణీ సంస్థకు అప్పగించడం తక్షణావసరం.