లెక్క అడగడం పొగరు కాదు

పుత్తూరులో బాడుగ ఇళ్ళల్లో ఉండే మాలాంటివాళ్ళకు నెల మొదట్లో చేతికొచ్చేది బిల్లు కాదు, ఒక చీటీ. బాడుగ ఇంత, కరెంటు ఇంత, నీళ్ళకూ మోటారుకూ ఇంత అని మూడు అంకెలు. పాత రీడింగు ఎంత, కొత్తది ఎంత, యూనిట్‌కు ఏ రేటు అన్నది అందులో ఉండదు. అడిగితే “ఇంతమంది కడుతుండారు, నీకొక్కదానికే వచ్చిందా అనుమానం?” అంటారు. మగవాడు అడిగితే లెక్క అవుతుంది, ఆడది అడిగితే పొగరవుతుంది!

నేనుండే ఇంట్లో సబ్‌మీటరు మీద యూనిట్‌కు 10 రూపాయలు. ఈ రేటు ఎక్కడిది? 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన గృహ రేట్లు చూడండి. మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75.

ఒక సర్వీసు మీద ఇంటాయనతో కలిపి నాలుగు కాపురాలు, తలా 60 యూనిట్లు వాడారనుకుందాం. 240 యూనిట్లకు కరెంటు ఖరీదు రూ.1,148. ముగ్గురు బాడుగవాళ్ళ దగ్గర వసూలయ్యేది రూ.1,800. అంటే ఇంటాయన వాడుకున్న కరెంటు కూడా మనమే కట్టి, పైన ఇంకో రూ.652 ఇస్తున్నాం. ఫిక్స్‌డ్ చార్జీలూ సర్దుబాటు చార్జీలూ ఉంటాయి, నిజమే. అవెంతో బిల్లులోనే అచ్చయి ఉంటాయి. బిల్లు చూపించి వంతులు వేస్తే పేచీ ఏముంది? అదే 60 యూనిట్లకు నా పేర మీటరుంటే కరెంటు ఖరీదు రూ.147. ఇప్పుడు నేను కడుతున్నది రూ.600.

ఇళ్ళ యజమానుల్లో బాడుగ మీదే బతికే ఒంటరి ఆడవాళ్ళూ ఉన్నారని కొందరంటారు. ఉన్నారు. వాళ్ళకు బాడుగ ఎంత కావాలో అంత బాడుగగానే అడగమనండి. కరెంటు పేరు చెప్పి, లెక్క దాచి తీసుకోవడం మాత్రం ఎవరికైనా తప్పే.

“ఇష్టం లేకపోతే ఖాళీ చెయ్యి” అన్న బెదిరింపు మొగుడు లేనిదాని మీద, కులం అడిగి ఇల్లు లేదనిపించుకున్నదాని మీద మరింత బాగా పనిచేస్తుంది. ఇంకో ఇల్లు దొరకదని వాళ్ళకు తెలుసు. మన మౌనానికి కారణం ఆ భయమే, ఓర్పు కాదు.

చట్టం మనల్ని పూర్తిగా వదిలెయ్యలేదు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం కనెక్షన్ అడిగే హక్కు ఇంటి యజమానికే కాదు, ఆ ఇంట్లో కాపురముండేవారికీ ఉంది. యజమాని అంగీకారపత్రం ఇవ్వలేదన్న కారణంతో బాడుగదారుకు కరెంటు నిరాకరించరాదని 2022 మే 13న దిలీప్, సతీశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాడుగ తగాదా ఉన్నా నీళ్ళూ కరెంటూ తెగ్గొట్టరాదని కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం అంటుంది. అయితే నమూనా నమూనాయే, రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే దానికి బలం.

కూలి రేట్ల మీద గట్టిగా మాట్లాడే మన సంఘాలు ఈ చీటీ దగ్గరికి వచ్చేసరికి “అది ఇంటి గొడవ” అని పక్కన పెడుతున్నాయి. మగ్గాల దగ్గర, ఇళ్ళ పనుల్లో సంపాదించిన కూలి ఈ చీటీలోనే కరిగిపోతుంటే ఇది ఇంటి గొడవ ఎలా అవుతుంది?

ఒక్కతే అడిగితే ఖాళీ చేయిస్తారు. వీధిలో పదిమందీ కలిసి అడిగితే అంత సులువు కాదు. అందుకే ప్రతి సమావేశానికీ చీటీలు తెప్పించండి. ప్రతి నెలా రీడింగు రాసి పెట్టుకొమ్మని, డబ్బిచ్చి రసీదు అడగమని, సర్వీసు నంబరు తెలుసుకొమ్మని చెప్పండి. ఆ నంబరుంటే తిరుపతి కేంద్రంగా ఉన్న విద్యుత్ పంపిణీ సంస్థ వెబ్‌సైటులో అసలు బిల్లు కనబడుతుంది. బాడుగ పత్రం ఆడవాళ్ళ పేర రాయించండి, వేరే మీటరుకు దరఖాస్తు పెట్టించండి.

మనం బాడుగ ఎగ్గొట్టడం లేదు. కట్టేదానికి లెక్క చూపించమంటున్నాం.