పూర్తికాని పనిని ఎప్పుడు చాటాలి: సారపాక నుంచి ఒక ప్రణాళిక

మేము కోడ్‌తో బొమ్మలు గీస్తాం, అక్షరాలను కదిలిస్తాం, నది లెక్కలను రంగులుగా, శబ్దాలుగా మారుస్తాం. సారపాకలో, బూర్గంపాడులో, గోదావరి వంతెన అవతల భద్రాచలంలో ఉంటాం. కాగితం మిల్లులో షిఫ్టు దిగి వచ్చి కోడ్ రాసేవాళ్ళు, డిగ్రీ చదివేవాళ్ళు, బడిలో లెక్కలు చెప్పేవాళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ పండక్కి ఊరొచ్చినప్పుడు కలిసేవాళ్ళు మాలో ఉన్నారు. ఈ పనికి మాకు జీతమిచ్చే కంపెనీ లేదు, విడుదల తేదీ పెట్టే మేనేజరు లేడు. అందుకే ఒక ప్రశ్న మాకు పదే పదే ఎదురవుతోంది: పని పూర్తికాకముందే దాని గురించి నలుగురికీ ఎప్పుడు చెప్పాలి?

ఇన్నాళ్ళూ ఎవరికి తోచిన జవాబు వాళ్ళు చెప్పుకున్నాం. కొందరు ఆలోచన తట్టిన రాత్రే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేస్తారు. కొందరు ఆఖరి లోపం పోయేదాకా ఎవరికీ చూపించరు. ఆ ఆఖరి లోపం ఎన్నటికీ పోదు. మొదటివాళ్ళ పని మాటల్లో కరిగిపోతుంది, రెండోవాళ్ళ పని లాప్‌టాప్‌లో మూలుగుతుంది. ఎటుచూసినా నష్టపోయేది ఊరే. ఆ నష్టం ఇక చాలనుకుని, అందరం కూర్చుని ఒప్పుకున్న సూత్రాలివి.

మా కొలమానం

మా కొలమానాన్ని నది నుంచే తెచ్చుకున్నాం. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వరద వచ్చి వెళ్ళాక హెచ్చరించి లాభం లేదు. ఎగువన మబ్బు పట్టిందని మూడో హెచ్చరిక ఎగరేసినా లాభం లేదు. ఏ మట్టానికి ఆ మాట ఉంది, ఆ మాట విన్నవాళ్ళు చేయాల్సిన పనీ ఉంది. ఒక హెచ్చరికకు సామాన్లు సర్దుకుంటారు, ఇంకో హెచ్చరికకు ఇల్లు వదిలి పునరావాస కేంద్రానికి బయల్దేరతారు. నీళ్ళు దిగుతుంటే హెచ్చరికలను ఒక్కొక్కటిగా ఉపసంహరిస్తారు. 2022 జులై 16న మట్టం 71.3 అడుగులకు చేరి, వంతెన మీద రాకపోకలు ఆగిపోయినప్పుడు, 1986 ఆగస్టులో 75.6 అడుగుల వరద చూసిన పెద్దలతో సహా ఊరంతా ఆ అంకెనే నమ్ముకుని కూర్చుంది. ఆ అంకె కొలిచి చెప్పింది కాబట్టే నమ్మింది.

పూర్తికాని పనిని చాటడానికి కూడా మాకు ఇలాంటి మెట్లే కావాలి. ప్రతి మెట్టుకూ ఒక మాట, ఆ మాట వినేవాళ్ళకు ఒక పని. దిగేటప్పుడు కూడా చెప్పి దిగాలి.

1. నడవనిదాన్ని చాటం

ఎదుటివాళ్ళ ఫోన్‌లో తెరవగానే ఏదో ఒకటి కదలాలి. ఒక్క గీతైనా, ఒక్క శబ్దమైనా చాలు. అది లేనిదే ప్రకటన లేదు. ఉద్దేశాన్ని చాటుకుంటే పని వేగం పెరుగుతుందని అందరం అనుకుంటాం. 2009లో మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగాలు దీనికి ఎదురు చెప్పాయి. ఫలానావాణ్ణి కావాలన్న తపన ఉన్నవాళ్ళలో, తమ ఉద్దేశాన్ని ఇంకొకరు గమనించారని తెలిసినవాళ్ళు ఆ దిశగా తక్కువ పనిచేశారు. ఎదుటివారు ‘భలే’ అనగానే సగం సాధించేసినట్టు అనిపిస్తుంది. ఆ తృప్తి పనికి ముందు కాకుండా పని వెంట రావాలన్నది మా పట్టుదల.

1991 ఆగస్టులో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి బయటపెట్టేనాటికి అది అతని కంప్యూటర్ మీద కొద్దిగా నడుస్తోంది. ఏ యంత్రాల మీద అది పనిచేయదో కూడా ఆ ప్రకటనలోనే చెప్పాడు. మరుసటి నెలలోనే కోడ్ బయటపెట్టాడు. ఆ సిస్టమే లినక్స్. అది అంత పెద్దదవుతుందని అప్పుడు ఎవరూ అనలేదు, అతనూ అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం వల్లే చేయి వేసేవాళ్ళు దొరికారని మేము నమ్ముతున్నాం.

2. మొదటి మెట్టు: పని తెలిసిన నలుగురికి

పని కదలడం మొదలవగానే, దాన్ని సరిదిద్దగల నలుగురికి చూపిస్తాం. మెచ్చుకోలు కోసం చూపించం. ‘ఎలా ఉంది?’ అని అడగం, ‘ఇక్కడ ఆగిపోయాను, దారేది?’ అని అడుగుతాం.

ఈ మెట్టు తెలుగులో పనిచేసేవాళ్ళకు ఎంత అవసరమో మా అనుభవంలో ఉన్నదే చెబుతాం. మాలో ఒకరు ‘భద్రాద్రి’ అన్న పేరును చుక్కలుగా విడగొట్టి, ఆ చుక్కలను అలల్లా ఊగించాలనుకున్నారు. ఫాంటు గీతల వెంబడి చుక్కలు తీసే ఫంక్షన్ పీ5 జేఎస్ అనే బొమ్మల కోడింగ్ లైబ్రరీలో ఉంది. ఇంగ్లిష్ పేర్లకు చక్కగా పనిచేసింది. తెలుగు పేరు ఇవ్వగానే ‘ద్రా’ ముక్కలైంది. ర వత్తు ద కిందికి చేరక విడిగా నిలబడింది. తెలుగులో అక్షరం పక్కన అక్షరం పేర్చితే సరిపోదు. ఏ హల్లు కింద ఏ వత్తు కూర్చోవాలో, గుణింతం ఎక్కడ అతకాలో తేల్చే పని మధ్యలో ఒకటి జరగాలి. బ్రౌజరు ఆ పని చేస్తుంది, మేము వాడిన ఫంక్షన్ చేయలేదు. సగం పని చూసిన మిత్రులు దారి చెప్పారు: పేరును ముందు బ్రౌజరు చేతే తెరవెనక రాయించు, సిరా పడ్డ పిక్సెళ్ళను ఏరుకో, వాటినే చుక్కలుగా వాడు. పేరు నిండుగా, వత్తులతో సహా ఊగింది.

అంతా అయ్యాకే చూపిస్తానని కూర్చుంటే ఆ సలహా అందేది కాదు. ఆలోచన మాత్రమే చెప్పి ఊరుకున్నా అందేది కాదు, ఎందుకంటే విరిగిన ‘ద్రా’ తెర మీద కనబడినప్పుడే చూసినవాళ్ళకు మందు తట్టింది.

3. రెండో మెట్టు: తలుపు తెరవడం

మా సాయం లేకుండా ఇంకొకరు కోడ్ తీసుకుని నడిపించుకోగలిగిన రోజున దాన్ని అందరికీ తెరుస్తాం. ఎలా మొదలుపెట్టాలో తెలుగులో రాస్తాం. ఇంకా ఏం కాలేదో ఆ రాతలోనే, పైనే పెడతాం.

బొమ్మల కోడింగ్‌కు ప్రపంచమంతా వాడుతున్న ప్రాసెసింగ్‌ను ఎంఐటీలో కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో మొదలుపెట్టారు. 1.0 వచ్చింది 2008లో. మధ్యలో ఉన్న ఏడేళ్ళూ అది దాక్కోలేదు. అసంపూర్ణ రూపంలోనే తరగతి గదుల్లో తిరిగింది, దానితో నేర్చుకున్నవాళ్ళే దాన్ని పెంచారు. మన తెలుగు వికీపీడియా కూడా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టినప్పుడు దాదాపు ఖాళీ. కంప్యూటర్‌లో తెలుగు కనబడటమే గొప్పగా ఉన్న కాలమది. వ్యాసాలన్నీ రాశాక తెరుద్దామనుకుని ఉంటే ఇప్పటికీ తెరుచుకునేది కాదు. నలుగురు కలిసి నింపాల్సినదాన్ని ఖాళీగానే తెరవాలి. ఒక్కరి చూపుతో రూపు కట్టాల్సినదానికి మాత్రం కొంతకాలం తలుపు వేసి ఉంచే హక్కు ఉంది. మా ప్రాజెక్టు ఈ రెండింటిలో ఏ జాతిదో మొదట్లోనే తేల్చుకుంటాం.

4. మూడో మెట్టు: అందరికీ చెప్పడం

ఊరందరికీ చెప్పే మాటలో ‘చేయబోతున్నాం’ ఉండదు, ‘ఇది చేస్తోంది, ఇది చేయడం లేదు’ అని ఉంటుంది. ఇంగ్లండ్‌లోని హెలో గేమ్స్ అనే చిన్న సంస్థ, కోడ్ తనంతట తానే గ్రహాలను పుట్టించే ‘నో మ్యాన్స్ స్కై’ ఆటను 2013లో ప్రకటించింది. 2016లో ఆట వచ్చేసరికి, ముందు చెప్పినవాటిలో కొన్ని అందులో లేవని ఆడేవాళ్ళు భగ్గుమన్నారు. తర్వాత ఆ సంస్థ మాట తగ్గించి, ఏళ్ళ తరబడి ఒక్కో మెరుగునూ ఉచితంగా అందించుకుంటూ వచ్చింది, పోయిన నమ్మకాన్ని చాలావరకు తిరిగి తెచ్చుకుంది. కోడ్ రాసేవాళ్ళు తెచ్చుకున్న నష్టాన్ని కోడ్ రాసే పూడ్చుకున్నారు. మేము ఆ నష్టం దాకా పోదలచుకోలేదు.

పూర్తయ్యే తేదీ మేము చెప్పం. మళ్ళీ ఎప్పుడు మాట్లాడతామో చెబుతాం, ఆ రోజు తప్పకుండా మాట్లాడతాం. ఈ ప్రాంతం హామీలు విని అలసిపోయింది. సారపాక దాకా రైలు వస్తుందన్న మాట మా ముందు తరం విన్నది, మేమూ వింటున్నాం. రైలెక్కాలంటే ఇవాళ్టికీ కొత్తగూడెమో మణుగూరో పోవాలి. ఇలాంటి చోట ఇంకో వట్టి తేదీ వేయడం తప్పని మేము గట్టిగా అనుకుంటున్నాం.

5. పిలుపుకు వేరే నియమం

చేతిలో ఏమీ లేకుండా చాటడం ఒక్క సందర్భంలో ధర్మమే: పని ఒక్కరి వల్ల అయ్యేది కానప్పుడు. 1983 సెప్టెంబరులో ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి ప్రకటించినప్పుడు ఇంకా సిస్టమ్ లేదు. 1984 జనవరిలో ఎంఐటీ ఉద్యోగం వదిలి పనిలో దిగాడు. ఈమాక్స్ ఎడిటర్ వచ్చింది, జీసీసీ కంపైలర్ వచ్చింది. కెర్నెల్ మాత్రం అనుకున్నట్టు కుదరలేదు, ఆ ఖాళీని లినక్స్ నింపింది. పిలిచినవాడు అందరికంటే ముందు దిగాడు కాబట్టి పిలుపు నిలబడింది. మాలో ఎవరైనా పిలుపునివ్వాలంటే ఎవరు ఏం చేయాలో జాబితా ఉండాలి, అందులో మొదటి పని పిలిచినవాళ్ళ పేరునే ఉండాలి.

6. సొమ్ము ఎవరిదో వాళ్ళకే ముందు

మా చుట్టూ ఉన్నవి కోయ గూడేలు. కొమ్ము నృత్యం అడుగులను గీతలుగా మార్చాలని, భూమి పండుగ పాటను తరంగాలుగా చూపించాలని మాలో చాలామందికి ఆశ. అలాంటి పని దేనికైనా మొదటి ప్రకటన ఆ గూడెంలో, వాళ్ళ మాటలో, వాళ్ళ ముందే జరగాలి. వాళ్ళు చూసి వద్దంటే బయటికి రాదు. మార్చమంటే మారుతుంది. ఆడినవాళ్ళ పేర్లు, పాడినవాళ్ళ పేర్లు వాళ్ళు ఒప్పుకున్న తీరులో ముందుంటాయి, కోడ్ రాసినవాళ్ళ పేర్లు ఆ తర్వాత. హైదరాబాద్‌లో చప్పట్లు కొట్టించుకుని, ఆ తర్వాత గూడేనికి వచ్చి చూపించే పద్ధతిని మేము ఒప్పుకోం.

7. కాలం చూసి మాట్లాడటం

గోదావరి నీటిమట్టాన్ని వాడే ఏ కొత్త పనినీ జూన్ నుంచి అక్టోబరు దాకా ప్రకటించం. వరద రోజుల్లో జనం ఫోన్‌లో కనబడ్డ ప్రతి అంకెనూ నిజమనుకుంటారు, దాన్నిబట్టి ఇల్లు వదలాలో వద్దో తేల్చుకుంటారు. మా బొమ్మలో ఒక దశాంశ బిందువు తప్పితే ఒక కుటుంబం ఆలస్యంగా బయల్దేరవచ్చు. కేంద్ర జల సంఘం, జిల్లా అధికారులు చెప్పే అంకె ఒక్కటే అప్పుడు వినబడాలి. అంతకుముందు ప్రకటించిన పనుల్లో కూడా ‘ఇవి పాత లెక్కలు, హెచ్చరిక కాదు’ అన్న మాట తెర మీద పెద్దక్షరాల్లో, చెరిపే వీలు లేకుండా ఉంటుంది.

8. ఉపసంహరణ

ఆపేసిన పనిని ఆపేశామని చెబుతాం. ఎందుకు ఆపామో రెండు వాక్యాల్లో రాస్తాం, కోడ్‌ను తీసుకోవాలనుకున్నవాళ్ళకు వదులుతాం. చాటినప్పుడు ఎంతమందికి చెప్పామో, ఆపినప్పుడూ అంతమందికీ చెబుతాం. ఎదురుచూసేవాళ్ళను ఊరికే వదిలేయడం అమర్యాద. ఆగిన పనిలో సిగ్గుపడాల్సింది లేదు. ఆగిన పని ఇంకొకరి చేతికి అందకుండా పోతే అది మాత్రం బాధ్యత తప్పడమే.

ఈ ప్రణాళిక కింద మా తొలి ప్రకటన

ప్రాజెక్టు: గోదావరి మట్టాన్ని వేలితో పైకీ కిందికీ జరుపుతూ చూసే కదిలే బొమ్మ. రెండో మెట్టులో ఉంది.

నడుస్తున్నది: ఫోన్‌లో తెరుచుకుంటుంది. 43, 48, 53 అడుగుల గీతలు, 1986 నాటి 75.6, 2022 నాటి 71.3 గీతలు కనిపిస్తాయి. పేర్లన్నీ తెలుగులో, వత్తులు చెదరకుండా వస్తాయి.

నడవనిది: శబ్దం లేదు. రోజువారీ లెక్కలు లేవు. నది దగ్గర కొలిచిన అడుగులకూ, ఒక వీధిలో నిలిచిన నీటి ఎత్తుకూ ఉన్న సంబంధాన్ని బొమ్మ ఇంకా చూపలేదు. అదే మాకు అన్నిటికంటే ముఖ్యం, అది మా ఒక్కరి వల్ల కాదు.

మళ్ళీ మాట్లాడేది: వచ్చే శ్రీరామనవమి ముందు వారంలో. పని సాగితే ఎక్కడిదాకా వచ్చిందో చెబుతాం, ఆగితే ఉపసంహరిస్తాం.

కావలసింది: 1986లోనైనా 2022లోనైనా మీ ఇంటి గోడ మీద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తున్నవాళ్ళు ఆ ఎత్తు కొలిచి మాకు చెప్పండి. వీధి చెబితే చాలు, పేరు అక్కర్లేదు. సారపాక, బూర్గంపాడు, భద్రాచలంలో మా వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి కొలిచే పని మేము ఇప్పటికే మా పేర్ల మీద రాసుకున్నాం.