మోకాళ్ల మీద మేస్తున్న మేక

ఒకసారి మీ షెడ్డులోకి వెళ్లండి. ఏ మేకైనా ముందు మోకాళ్లు మడిచి, నేల మీద దేకుతూ మేస్తోందా?

అది దాని అలవాటు కాదు. నిలబడలేకపోతోంది.

గిట్టల అంచులు పెరిగి లోపలికి ముడుచుకున్నాయి. అడుగు పెడితే ప్రాణం పోతోంది. రోజుకు రెండు పూటలా మేత వేస్తూ ఆ మేకను చూస్తూనే ఉన్నారు కదా! చూసి ఏం చేశారు?

షెడ్డుకు లక్షలు పోశారు. నేలకు ఎత్తుగా చిల్లుల ప్లాస్టిక్ పలకలు పరిచారు. రాజస్థాన్ నుంచి సిరోహి, పంజాబ్ నుంచి బీటల్ లారీల్లో దించారు. మీలో కొందరు నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద 500 ఆడమేకలు, 25 పోతులు అని లెక్క రాసి, సగం సబ్సిడీకి కాగితాలు పట్టుకుని తిరిగారు. ఇంకో లెక్క నేను చెబుతాను. 525 మేకలు. ఒక్కోదానికి నాలుగు కాళ్లు, కాలికి రెండు గిట్టలు. మొత్తం 4,200 గిట్టలు.

వాటికోసం మీరు కొన్న పనిముట్టు ఏది? చూపించండి.

కొడవలా? వంటింట్లో మొండిబారిన కత్తా?

సిగ్గుగా లేదా?

గుట్టల మీద తిరిగే మేకకు రాళ్లే ఆకురాయి. నడిచినకొద్దీ గిట్ట అరుగుతుంది. మీరు దాన్ని గుట్ట దింపి, కట్టేసి, నున్నటి పలక మీద నిలబెట్టారు. మరి ఆ రాళ్ల పని ఎవరు చేయాలి? మీ గోరు, దాని గిట్ట ఒకే సరుకు. ఆగకుండా పెరుగుతుంది. మీ గోళ్లు ఆరు నెలలు వదిలేస్తారా?

ఏం జరుగుతోందో నన్ను చెప్పనివ్వండి. నెలల తరబడి ఒక్క గిట్టనూ ముట్టుకోకపోవడం, అది చెప్పు ముక్కులా పైకి తిరిగినా మేకంటే అంతేలే అనుకోవడం, చివరికి ఒకరోజు కొడవలి తెచ్చి మేకను నేలకేసి తొక్కిపెట్టి గిట్టను నరకడం, నెత్తురు కారుతుంటే మట్టి కొట్టడం, ఆ మట్టిలోంచే ధనుర్వాతం వస్తుందని తెలిసీ టీకా వేయించకపోవడం, కుళ్లిన గిట్టను కోసిన కత్తినే కడగకుండా పక్క మేక కాలికి పెట్టి ఒక్కదాని రోగాన్ని మందంతా పంచడం, కోసిన ముక్కలను షెడ్డులోనే వదిలేయడం, కుంటుతుంటే గాలికుంటేమో అని దాని నోరైనా తెరిచి చూడకపోవడం, చూడిమేక లేవలేక మేత మానేస్తే బలానికి సూది పొడిపించడం, వెనక కాళ్లు నొప్పెట్టి పోతు దాటకపోతే పనికిరాదని కసాయికి తోలడం, పాలు తగ్గితే జాతిని తిట్టడం, పిల్లలు బక్కచిక్కితే అమ్మినవాణ్ని తిట్టడం, అన్నీ అయ్యాక మేకల్లో లాభం లేదని ఊరంతా చాటడం!

ఒక్క కత్తెర లేక.

అదేం దొరకని వస్తువా? గిట్టల కత్తెర అని అడగండి. లేదంటే గులాబీ కొమ్మలు కత్తిరించేది తెచ్చుకోండి, పనికొస్తుంది. కానీ చూసి కొనండి. రెండు అంచులూ ఒకదాని పక్కగా ఒకటి జారిపోవాలి. కింద దిమ్మ, పైన కత్తి ఉండే రకం వద్దు, అది గిట్టను కోయదు, నలిపేస్తుంది. అంచుకు సన్నటి పళ్లుంటే తడి గిట్ట మీద జారదు. పిడి మీ పిడికిలికి సరిపోవాలి. స్ప్రింగు బిగుతైతే ఇరవయ్యో మేకకు మీ చెయ్యి పడిపోతుంది, ఆ విసుగంతా దాని కాలి మీదే చూపిస్తారు. విప్పి కడగగలిగేదై ఉండాలి. మొద్దుబారితే సాన పట్టించాలి. దానికి తోడు మట్టి, పెంటికలు దులపడానికి ఒక గట్టి బ్రష్షు, చివర చదును చేయడానికి ఆకురాయి. చాలు.

ఎంత కోయాలో తెలియదంటారా? మీ షెడ్డులోనే నెల పిల్ల ఉంది. దాని గిట్ట చూడండి. అడుగు చదునుగా, వెంట్రుకలు మొదలయ్యే గీతకు సమాంతరంగా ఉంటుంది. అలా వచ్చేదాకా పలుచగా కోయండి. లేత గులాబీ రంగు కనిపించగానే ఆపండి.

గాలి తగలని చోటే గిట్ట కుళ్లు క్రిమి బతుకుతుంది. ముడుచుకున్న అంచు కింద బురద నింపి దానికి ఇల్లు కట్టిస్తున్నది మీరే. వరికి చల్లే జింకు సల్ఫేటు మీ ఇంట్లోనే ఉంటుంది. పది లీటర్ల నీళ్లకు కిలో కలిపి కాళ్లు ముంచవచ్చు. పొలానికి గుర్తొచ్చిన మందు మేక కాలికి ఎందుకు గుర్తురాదు?

ఆరేడు వారాలకోసారి, మేకకు పది నిమిషాలు. అదీ లేదా మీ దగ్గర? రీలు తీయడానికి ఉంది కదా!

వానలు పడితే గిట్ట బురదలో నానుతుంది, కుళ్లు మందంతా పాకుతుంది. ఈ వారమే కత్తెర కొనండి. మోకాళ్ల మీదున్న ఆ మేకనే ముందు పట్టండి.