కత్తి ఇచ్చేసిన దేవుడు

పిల్లలూ,

పోయిన నెల ఉరుముల దేవుడు థోర్ సుత్తి కథ చెప్పుకున్నాం. ఈ నెల కూడా ఆ ఉత్తరదేశాల్లోనే ఉండి, మరొక దేవుణ్ణి చూద్దాం. ఇతనికి ఒకప్పుడు మంచి కత్తి ఉండేది. దాన్ని తన చేతులతో తానే ఇచ్చేశాడు. ఎందుకిచ్చాడో, ఇచ్చి ఏం పోగొట్టుకున్నాడో వినండి.

నార్వే, స్వీడన్, ఐస్‌లాండు దేశాల్లో చలికాలం చాలా పొడుగు. ఎండలు ఇలా వచ్చి అలా పోతాయి. ఆ కొద్ది నెలల్లోనే బార్లీ చల్లాలి, అది పండాలి, కోసి దాచుకోవాలి. ఒక ఏడు ఎండ చాలకపోయిందంటే వచ్చే చలికాలం ఇంటిల్లిపాదికీ పస్తే. వెయ్యేళ్ళ కిందట అక్కడి రైతులు ఎండ కోసం, వాన కోసం మొక్కుకున్న దేవుడి పేరు ఫ్రేయర్. ఆ మాటకు ‘ప్రభువు’ అని అర్థం. విందుల్లో పానపాత్ర ఎత్తేటప్పుడు గెలుపు కోసం ఓడిన్ దేవుణ్ణి తలచుకునేవాళ్ళు. మంచి పంటకూ, శాంతికీ ఫ్రేయర్‌నూ, అతని తండ్రి న్యోర్డ్‌నూ తలచుకునేవాళ్ళు. పంటనూ శాంతినీ ఒకే దేవుణ్ణి ఎందుకు అడిగారు? పైరు కోతకు రావాలంటే దాని మీదుగా సైన్యాలు నడవకూడదు గదా!

1904లో స్వీడన్‌లోని రెల్లింగె అనే చోట చిన్న కంచుబొమ్మ ఒకటి దొరికింది. ఎత్తు సుమారు 7 సెంటీమీటర్లు, మీ గుప్పిట్లో పడుతుంది. కాళ్ళు మడిచి కూచుని, నెత్తిన మొనదేలిన టోపీ పెట్టుకుని, చేత్తో గడ్డం పట్టుకుని ఉంటాడు. అది ఫ్రేయర్ బొమ్మే అని చాలామంది పండితుల అభిప్రాయం.

ఫ్రేయర్ దగ్గర మూడు వింత వస్తువులుండేవి. మొదటిది ఒక ఓడ. దేవతలందరూ ఆయుధాలతో సహా ఎక్కినా అందులో చోటుండేది. తెర ఎత్తగానే గాలి అనుకూలంగా వీచేది. పని అయిపోయాక గుడ్డలాగా మడిచి సంచిలో పెట్టుకోవచ్చు! రెండోది బంగారు వెంట్రుకల పంది. అది గాలిలోనూ, నీటిమీదా గుర్రంకన్న వేగంగా పరుగెత్తేది. ఎంత చీకట్లోనైనా దాని వెంట్రుకల వెలుగు దారి చూపేది. ఈ రెండూ మరుగుజ్జు కమ్మరులు చేసినవి. మూడోది కత్తి. తెలివిగలవాడి చేతిలో ఉంటే అది తనంతట తానే పోరాడేది.

ఒకనాడు ఫ్రేయర్ ఓడిన్ సింహాసనం ఎక్కి కూచున్నాడు. అక్కడి నుంచి చూస్తే లోకాలన్నీ కనిపిస్తాయి. దూరాన రాక్షసుల దేశంలో గెర్డ్ అనే అమ్మాయి తన తండ్రి ఇంటి తలుపు తీయటానికి చేతులెత్తింది. ఆ చేతుల కాంతికి ఆకాశమూ, సముద్రమూ వెలిగిపోయినై. ఆ క్షణం నుంచీ ఫ్రేయర్‌కు నిద్ర లేదు, పలుకు లేదు.

తండ్రికి బెంగపుట్టి, కొడుకు సేవకుడు స్కిర్నిర్‌ను పంపాడు. వాడు అడిగితే ఫ్రేయర్ సంగతంతా చెప్పి, “నువ్వే వెళ్ళి ఆమెను ఒప్పించాలి,” అన్నాడు.

“వెళతాను. కాని నీ కత్తి నాకివ్వాలి,” అన్నాడు స్కిర్నిర్.

ఫ్రేయర్ మరోమాట లేకుండా ఇచ్చేశాడు. మంటలు దాటగల గుర్రాన్ని కూడా ఇచ్చాడు.

స్కిర్నిర్ కొండలు దాటి, మంటలు దాటి గెర్డ్ ఇల్లు చేరాడు. పదకొండు బంగారు యాపిల్ పళ్ళు ఇస్తానన్నాడు. ఆమె వద్దన్నది. ప్రతి తొమ్మిదో రాత్రీ తనవంటి ఎనిమిది ఉంగరాలను రాల్చే ఉంగరం ఇస్తానన్నాడు. “మా నాన్న ఇంట బంగారానికి కొదవలేదు,” అన్నది గెర్డ్. చివరకు తొమ్మిది రాత్రుల తరవాత బార్రి అనే తోపులో ఫ్రేయర్‌ను కలుసుకుంటానని మాట ఇచ్చింది.

పిల్లలూ, నేను బళ్ళో పాఠాలు చెప్పే రోజుల్లో ఈ కథ ఎన్నోసార్లు ఇలాగే చెప్పాను. పిల్లలు సంతోషించేవాళ్ళు. ఒకసారి మాత్రం ఏడో తరగతిలో ఒక అమ్మాయి లేచి, “మేష్టారూ, ఆమె రెండుసార్లు వద్దంది గదా? మరి ఎందుకు ఒప్పుకుంది?” అని అడిగింది.

నాకు జవాబు తెలుసు. తెలిసే ఆ ముక్క దాటవేస్తూ వచ్చాను. ఆ రోజు చెప్పక తప్పలేదు. బంగారానికి ఆమె లొంగకపోయేసరికి స్కిర్నిర్ కత్తి దూశాడు. తల నరుకుతానన్నాడు. అందుకూ ఆమె జంకలేదు. అప్పుడు మంత్రపుకర్ర పట్టుకుని, ఆమెకు తిండి సహించకూడదనీ, ఆమె ముళ్ళచెట్టులా ఎండిపోవాలనీ శపించసాగాడు. అప్పుడు ఒప్పుకున్నది.

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, “అయితే అది ఒప్పుకోవటం కాదండీ,” అని కూచుంది.

ఆ రోజు పాఠం నేనే నేర్చుకున్నాను. ఈ ముక్క దాటవేసినవాణ్ణి నేనొక్కణ్ణే కాదులెండి. ఈ కథ మనకు రెండు చోట్ల దొరుకుతుంది. ఒకటి పాత పద్యం. అది 1270 ప్రాంతంలో రాసిన ఒక చిన్న తోలుపుస్తకంలో ఉంది. ఆ పుస్తకం చాలాకాలం డెన్మార్కు రాజుల గ్రంథాలయంలో ఉండి, 1971లో ఓడమీద ఐస్‌లాండుకు తిరిగి వచ్చింది. రేవులో జనం గుంపులుగా నిలబడి ఎదురుచూశారు. బెదిరింపులన్నీ ఆ పద్యంలో ఉన్నై. రెండోది 1220 ప్రాంతంలో స్నోరి స్టుర్లుసన్ అనే ఐస్‌లాండు పండితుడు రాసిన వచనం. ఆయన బెదిరింపుల మాటే ఎత్తడు. స్కిర్నిర్ వెళ్ళాడు, మాట తీసుకుని వచ్చాడు, అంతే!

గెర్డ్ అనే పేరుకు కంచె వేసిన నేలతో సంబంధం ఉన్నదనీ, చలికి గడ్డకట్టిన నేలను ఎండదేవుడు పెళ్ళాడటమే ఈ కథ అనీ కొందరు పండితులు అన్నారు. అందరూ ఒప్పుకోలేదు. ఒకవేళ గెర్డ్ నేలే అనుకుందాం. ఏ రైతునైనా అడగండి, నేలను బెదిరించి పండించినవాడు ఉన్నాడా? అదను వచ్చేదాకా ఆగవలసిందే. పంటల దేవుడై ఉండీ ఫ్రేయర్ ఆగలేకపోయాడు. తొమ్మిది రాత్రులు గడవటమే కష్టమని వాపోయాడు.

మరి కత్తి సంగతి? అది ఫ్రేయర్ చేతికి మళ్ళీ రాలేదు. తరవాత బెలి అనే రాక్షసుడు ఎదురైతే దుప్పికొమ్ముతో చంపవలసివచ్చింది. లోకాంతంలో జరిగే యుద్ధంలో నిప్పులోకపు సుర్ట్ మండే కత్తితో వస్తాడట. ఫ్రేయర్ వాడితో పోరాడి, ఆ మంచి కత్తి లేకనే పడిపోతాడట. చూశారా! ఈ కథలో ఆ కత్తిని దూసింది ఒక్కసారే, అదీ ఒక ఆడపిల్లను భయపెట్టటానికి. నిజంగా కావలసిన నాడు అది లేకపోయింది.

ఆ యుద్ధంలో భూమి సముద్రంలో మునిగిపోతుందట. కాని తిరిగి పచ్చగా పైకి తేలుతుందట. అప్పుడు విత్తకుండానే చేలు పండుతాయట. చలిదేశపు రైతు కన్న కల అది.

ఈ నెల మీకు ఒక పని. ఇంట్లో ఎవరైనా ఎప్పుడూ చెప్పే కథ ఒకటి అడిగి చెప్పించుకోండి. మధ్యలో ఏదో జారిపోయిందని తోస్తే, ఆ అమ్మాయిలాగే లేచి అడగండి. పెద్దలు విసుక్కుంటే, నేను అడగమన్నానని చెప్పండి.