గని మేనేజరు కుర్చీకి ఎన్ని మెట్లు?

పిల్లలూ, మీలో గోదావరిఖనిలోనో, మందమర్రిలోనో, బెల్లంపల్లిలోనో చదువుకుంటున్న వారికి 'బాయి' అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మిగిలిన వారి కోసం చెబుతాను. మా ప్రాంతంలో బొగ్గు గనిని బాయి అంటాం. నీళ్ల బావి కాదు సుమా! పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మధ్య గోదావరి పారుతుంది. నదికి ఈవల రామగుండం, గోదావరిఖని. ఆవల మంచిర్యాల, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి. 2016లో ఈ జిల్లాలు విడిపోయి పెద్దపల్లి, మంచిర్యాల అనే కొత్త జిల్లాలు వచ్చాయి గాని, నది అదే, బొగ్గూ అదే. రెండు ఒడ్డుల మీదా వేలాది కుటుంబాలకు సింగరేణి బాయిలే బతుకు తెరువు.

ఇక్కడి తొమ్మిదో తరగతి పిల్లలను "మీ నాయన పనిచేసే బాయికి మేనేజరు ఎవరు?" అని అడిగితే ఠక్కున ఒక సారు పేరు చెబుతారు. "మేనేజరు మేడమ్ ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే మాత్రం నవ్వుతారు. ఆ నవ్వు గురించే ఈ నెల నాలుగు మాటలు రాయదలచాను.

"ఆడపిల్లలు చదువులో ముందే ఉన్నారు కదండీ, ఇంకేం కావాలి?" అని కొందరు పెద్దలు అంటారు. చదువు మాట నిజమే. పల్లెటూరి బడుల్లో పదో తరగతి బాగా పాసైన పిల్లల కోసం 2008లో బాసరలో సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టారు. అక్కడికి వెళ్లి చూడండి, తరగతి గదుల్లో రెండు జడలు ఎన్ని కనిపిస్తాయో! కాని ఇంజనీరింగ్ చదవడం ఒక ఎత్తు, ఉద్యోగంలో చేరడం మరో ఎత్తు. చేరిన తరువాత పని నేర్చుకుంటూ పోయి, పదిమంది ప్రాణాలకు జవాబుదారీ వహించే కుర్చీలో కూర్చోవడం ఇంకొక ఎత్తు. నా ఉద్దేశంలో అసలు చిక్కు ఈ మూడో దాని దగ్గర ఉంది. బాయిని ఉదాహరణగా తీసుకుంటే అది అద్దంలో కనిపించినట్లు కనిపిస్తుంది.

బొగ్గు గనిలో మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్, అండర్ మేనేజర్, మేనేజర్ అని మెట్లుంటాయి. కంపెనీ తనకు నచ్చిన వారిని తెచ్చి ఆ మెట్ల మీద నిలబెట్టడానికి వీల్లేదు. ప్రతి మెట్టుకూ ఒక సర్టిఫికెట్ ఉండాలి. దాన్ని ఇచ్చేది ధన్‌బాద్‌లో ఉన్న గనుల భద్రతా డైరెక్టర్ జనరల్ కార్యాలయం. పరీక్ష రాయాలంటే పుస్తకాలు చదివితే చాలదు. ఇన్నేళ్లు గనిలో పనిచేశానని అనుభవం చూపించాలి. ఉపరితల గనుల్లో, అంటే మనం ఓపెన్ కాస్ట్ అనే వాటిలో మాత్రమే పనిచేసిన వారికి, వాటికి మాత్రమే పనికివచ్చే పరిమిత సర్టిఫికెట్ ఇస్తారు. ఏ గనికైనా చెల్లే పూర్తి సర్టిఫికెట్ కావాలంటే భూగర్భంలోకి దిగిన అనుభవం ఉండి తీరాలి.

ఇది సరైన నియమమే. ఎందుకో చూడండి. బొగ్గు పొరల్లో మీథేన్ వాయువు ఇమిడి ఉంటుంది. రసాయన శాస్త్రంలో మీరు చదివిన ఆ మీథేనే. గాలిలో అది 5 నుంచి 15 శాతం వరకు ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ తగిలినా పేలుతుంది. అందుకే 1.25 శాతం దాటితే ఆ భాగంలో విద్యుత్తు ఆపివేసి, మనుషులను బయటికి పంపాలని నియమం. 1815లో హంఫ్రీ డేవీ తయారుచేసిన రక్షణ దీపంలో మంట మీద నీలిరంగు టోపీ ఎంత ఎత్తు కనిపిస్తున్నదో చూసి మీథేన్‌ను అంచనా కట్టేవారు. ఇప్పుడు చేతిలో పట్టే మీటర్లు వచ్చాయి. అయినా గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నది, కప్పు ఎక్కడ వదులయింది, ఏ మూల మీథేన్ నిలుస్తుంది అనేవి కాళ్లతో నడిచి, చెవులతో విని తెలుసుకోవలసినవి. వాయు పరీక్షకు ప్రత్యేకంగా ఒక సర్టిఫికెట్ ఉన్నదంటే ఆ విద్య ఎంత ముఖ్యమో ఊహించండి.

అయితే 1952లో చేసిన గనుల చట్టంలో 46వ సెక్షన్ ఏమన్నది? గనిలో భూమికి కింద ఉన్న ఏ భాగంలోనూ స్త్రీని పనిలో పెట్టరాదు అన్నది. ఉపరితలం మీద కూడా ఉదయం 6 గంటల నుంచి సాయంత్రం 7 గంటల వరకే అన్నది. ఇప్పుడు ఈ రెండు నియమాలనూ పక్కపక్కన పెట్టి చదవండి. పూర్తి సర్టిఫికెట్‌కు భూగర్భ అనుభవం కావాలి. భూగర్భంలోకి స్త్రీ దిగరాదు. ఇంక మేనేజరు మేడమ్ ఎక్కడి నుంచి వస్తుంది? మెట్లు తీసి పక్కన పెట్టి, "మీరు పైకి రాలేదేం?" అని అడిగినట్లు కాలేదా!

చట్టం చేసిన వారు దుర్మార్గులేమీ కారు. అంతకు ముందు మన దేశపు గనుల్లో ఆడవాళ్లు తట్టలతో బొగ్గు మోసేవారు. చీకటి, దుమ్ము, వేడి, తక్కువ కూలి. ఆ బాధ చూసే 1929లో బ్రిటిష్ ఇండియాలో వారిని భూగర్భం నుంచి క్రమంగా తప్పించే నియమాలు వచ్చాయి. కాని యుద్ధకాలంలో బొగ్గుకు కొరత రాగానే 1943లో నిషేధాన్ని ఎత్తేశారు. యుద్ధం ముగిశాక 1946లో మళ్లీ పెట్టారు. బొగ్గు అవసరమైనప్పుడు ఆడవాళ్ల బలం ఎలా సరిపోయిందో మరి! ఇంకొక విశేషం చెబుతాను. 1935లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇలాంటి నిషేధం గురించే ఒక ఒప్పందం తయారుచేసింది. చేతిపని చేయని నిర్వహణ ఉద్యోగాల్లో ఉండే స్త్రీలకూ, చదువులో భాగంగా శిక్షణకు దిగే విద్యార్థినులకూ మినహాయింపు ఇవ్వవచ్చునని అందులోనే రాశారు. మన చట్టం ఆ చిన్న కిటికీని కూడా తెరిచి ఉంచలేదు. తట్ట మోసే కష్టం నుంచి కాపాడబోయి, తట్టలే అవసరం లేని ఇంజనీరును కూడా బయటే నిలబెట్టింది.

"బాయి పనికి బలం కావాలి కదా సార్?" అని మీలో ఒకరైనా అడుగుతారు. రామగుండం ప్రాంతంలో అడ్రియాల లాంగ్‌వాల్ గని ఉంది. అక్కడ బొగ్గును కోసేది యంత్రం. కప్పును మోసేది హైడ్రాలిక్ ఆధారాలు. అవి పనిచేసేది మీరు చదువుకున్న పాస్కల్ సూత్రం మీదనే. బొగ్గును బయటికి తెచ్చేది బెల్టు. అక్కడి అధికారికి కావలసింది పీడనం, వాయు ప్రవాహం, రాతి స్వభావం తెలిసిన బుర్ర. కండబలమే కొలత అయితే మగ ఇంజనీర్లలో కూడా సగం మంది ఇంటికి పోవలసిందే.

2019 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఆ తలుపు తెరిచింది. సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లో స్త్రీలు పగటిపూట భూగర్భంలోకి దిగవచ్చు, వారి లిఖిత అంగీకారం ఉండాలి, ఒక్కరిని కాక కనీసం ముగ్గురిని కలిపి పంపాలి అని షరతులు పెట్టింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత స్మృతి ఇంకా ముందుకు వెళ్లి, అన్ని రకాల పనుల్లోనూ స్త్రీలను తీసుకోవచ్చునన్నది. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది.

ఫలితం త్వరగానే కనిపించింది. భూపాలపల్లి బొగ్గు ప్రాంతం నుంచి వచ్చి, కొత్తగూడెంలో మైనింగ్ ఇంజనీరింగ్ చదివిన రసకట్ల సంధ్య, రాజస్థాన్‌లో హిందుస్థాన్ జింక్ వారి జావర్ గనుల్లో చేరి, పరిమితి లేని రెండో తరగతి మేనేజరు సర్టిఫికెట్ సంపాదించింది. దేశంలో దాన్ని అందుకున్న తొలి మహిళ ఆమే. 2021లో ఆకాంక్ష కుమారి జార్ఖండ్‌లోని చూరీ భూగర్భ బొగ్గు గనిలో మైనింగ్ ఇంజనీరుగా చేరింది. సంతోషమే. కాని ఒక సంగతి గమనించండి. సంధ్య దిగింది జింకు గనిలోకి. బొగ్గు గనుల సర్టిఫికెట్లు వేరు, లోహపు గనుల సర్టిఫికెట్లు వేరు. మన బొగ్గు ప్రాంతపు బిడ్డ భూగర్భపు మెట్లు ఎక్కడానికి వేయి కిలోమీటర్లు దాటి పోవలసి వచ్చింది.

చట్టం మారడంతో పని అయిపోదు. 2022లో నా దగ్గర పదో తరగతి చదివిన ఒక అమ్మాయి, హైడ్రోకార్బన్ల పాఠం చెబుతుంటే లేచి, "సార్, మా నాయన చెప్పిండు, గ్యాస్ ఒకటింబావు దాటితే కరెంట్ బంద్ చేస్తరట" అన్నది. పుస్తకంలో లేని సంగతి! "మరి నువ్వు మైనింగ్ చదువుతావా బిడ్డా?" అన్నాను. "ఆడోళ్లను బాయి దిగనియ్యరు కద సార్" అన్నది. చట్టం మారి అప్పటికి మూడేళ్లు. ఆ కబురు గనికి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఇంటికి చేరలేదు.

బాయి సంగతి కాసేపు పక్కన పెట్టి కరెంటు వైపు చూద్దాం. మన దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు ఒక తెలుగు స్త్రీ అని మీలో ఎందరికి తెలుసు? ఆమె అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో పుట్టింది. పదిహేనేళ్లకు పెళ్లి, పద్దెనిమిదేళ్లకు వైధవ్యం, ఒడిలో నెలల పిల్ల. ఆ స్థితిలో ఆమె గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చేరింది. అక్కడి పట్టాల మీద 'అతడు' అని ముందే అచ్చయి ఉంటే, ఆమె పట్టా మీద దాన్ని కొట్టివేసి 'ఆమె' అని రాయవలసి వచ్చింది.

పట్టా కథ చాలామంది చెబుతారు. నాకు ముఖ్యంగా తోచేది దాని తరువాతి కథ. ఆమె జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిశిక్షణ పొందింది. అక్కడ యంత్రాల మధ్య నిలబడనివ్వకపోతే పట్టా గోడకు తగిలించుకోవడానికే పనికివచ్చేది. తరువాత సిమ్లాలో కొంతకాలం పనిచేసి, కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి, విద్యుత్ లైన్లు, సబ్‌స్టేషన్ల నమూనాలు గీసింది. భాక్రా నంగల్ ప్రాజెక్టు పనిలో ఆమె చేయి ఉంది. 1953లో లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా తీసుకుంది. ఆ రెండింటి మధ్య పదమూడేళ్లు ఆమె పని చేస్తూనే, నేర్చుకుంటూనే ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సభకు కూడా వెళ్లింది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు అదే కళాశాలలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. బిడ్డ కోసం ఆయన అడిగారు, తలుపు తెరుచుకుంది. ప్రతి అమ్మాయికీ ప్రొఫెసరు తండ్రి ఉండడు. అందుకే నేను ఒక్కరి పట్టుదల కథలతో తృప్తిపడను. నియమం మారాలి అంటాను. 2019లో దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు ఆడవాళ్లకు అవకాశం లేదు. కొందరు అమ్మాయిలు హైకోర్టుకు పోయారు. కోర్టు చెప్పిన మీదట పరీక్ష రాశారు, స్తంభం ఎక్కి చూపించారు. వారిలో సిద్దిపేట జిల్లా అమ్మాయి బబ్బూరి శిరీషకు 2021లో ఉద్యోగం వచ్చింది. స్తంభం ఎక్కే పరీక్ష అందరికీ ఒకటే. ఎక్కగలిగిన వారు ఎక్కారు. ఇందులో ఎవరికీ దయ చూపించింది లేదు.

ఇకముందు కంపెనీలు చేయవలసినవి చాలా ఉన్నాయి. ఆడవాళ్లకు సరిపోయే కొలతల్లో భద్రతా బూట్లు, బాయి కింద మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, ముగ్గురిని కలిపి పంపాలంటే ముగ్గురిని నియమించడం. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి గాని, ఇవి లేకపోతే అనుభవపు రోజులు పుస్తకంలో చేరవు. అనుభవం చేరకపోతే సర్టిఫికెట్ లేదు.

అది పెద్దల పని. మీ పని మీ ప్రయోగశాలలో ఉంది. ఓమ్ నియమం ప్రయోగం రోజున చూడండి. నలుగురి జట్టులో తీగలు కలిపేది, అమ్మీటరు పట్టేది అబ్బాయి. పట్టిక గీసి, అందంగా అంకెలు రాసేది అమ్మాయి. "ఆమె చేతిరాత ముత్యాల్లా ఉంటుంది సార్" అంటారు. వైజ్ఞానిక ప్రదర్శనలో కూడా అట్ట కోసి రంగు వేసింది ఒకరు, అధికారి రాగానే ముందుకు వచ్చి వివరించేది మరొకరు. పదిహేనో ఏట మీటరు ముట్టని చెయ్యి, ఇరవై అయిదో ఏట బాయిలో గ్యాసు కొలిచే మీటరును ఎలా నమ్ముతుంది?

కనుక ఒక లెక్క తీయండి. నోటుపుస్తకంలో ఒక పేజీకి గళ్లు గీసి, ఈ నెలలో జరిగే ప్రతి ప్రయోగానికీ పరికరం అమర్చింది ఎవరు, కొలత చదివింది ఎవరు, రాసింది ఎవరు, చివర తరగతికి చెప్పింది ఎవరు అని 'అ', 'బా' గుర్తులు వేయండి. పేర్లు వద్దు, తగాదాలు వస్తాయి. వచ్చే నెల ఆ పనులను జట్టులో వంతులవారీగా మార్చుకుని మళ్లీ వేయండి. రెండు పేజీలకూ నకలు తీసి, మీ సైన్సు మాస్టారి సంతకంతో పత్రికకు పంపండి. మంచిర్యాల బడి అంకెలనూ కరీంనగర్ బడి అంకెలనూ పక్కపక్కన వేసి చూద్దాం.