కోటు కంటే ముందు భాష

మన నిజామాబాద్ జిల్లాకు వలస కొత్త కాదు. దుబాయి, మస్కట్ ఎండల సంగతి ఇక్కడ ప్రతి వాడకట్టుకూ తెలుసు. 2015 డిసెంబరులో బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊళ్లో పని మరింత తగ్గింది. ఇప్పుడు మన తమ్ముళ్లు, చెల్లెళ్లు జర్మనీ వంటి చలిదేశాల వైపు చూస్తున్నారు. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులను భాష నేర్పి అక్కడికి పంపుతోంది.

చలికి భయపడనక్కర లేదని మేమంటాం. ఒకే మందపాటి కోటు కంటే పొరలుగా మూడు బట్టలు వేసుకుంటే వెచ్చగా ఉంటుంది. ఇళ్లల్లో హీటర్లుంటాయి. కష్టమంతా చీకటితోనే, ఒంటరితనంతోనే. డిసెంబరులో బెర్లిన్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. ఒకే హాల్లో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకొని పెరిగిన మనకు ఒంటరి గది అలవాటు లేదు. లోపల కుమిలిపోతూ ఫోన్లో "మంచిగనే ఉన్ననమ్మా" అంటాం.

ఈ కష్టానికి మందు భాషే. అక్కడ నర్సుగా గుర్తింపుకు సాధారణంగా జర్మన్‌లో బీ2 స్థాయి కావాలి. అది సర్టిఫికెట్ కోసమే అనుకోవద్దు. పక్కింటివారిని పలకరించడానికి, జీతం కాగితం చదువుకోవడానికి, అన్యాయం జరిగితే అడగడానికి కూడా అదే ఆధారం. అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పోసే ముందు భాషకు ఒక ఏడాది కేటాయించండి.

పూర్వ విద్యార్థులకు మా విన్నపం ఒక్కటే. కొత్తగా వెళ్లినవారికి మొదటి చలికాలం ప్రతి ఆదివారం ఫోన్ చేయండి. హాస్టల్ మనకు నేర్పింది కలిసి బతకడమే కదా!