ఆటగానికి కూడా ఒక సమాజం

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని పిలవడం పాత అలవాటు. ఊరి నడుమ కాలువలు పారుతున్నందున అన్నారో, నాటకం, సంగీతం, షోకు కలిసి వర్ధిల్లినందున అన్నారో గాని, ఆ బిరుదు మాత్రం నిలిచిపోయినది. ఈనాడు దానిని ఎవరూ ఊహించని రీతిలో సార్థకం చేస్తున్నవారు హైస్కూలు పిల్లలు. ప్యారిస్ ఫుట్‌బాల్ జట్టు చొక్కా తొడుక్కొని, వీపు మీద కిలియన్ ఎంబాపే పేరు మోస్తూ ట్యూషనుకు పోయే పిల్లవాడు తెనాలి వీధుల్లో వింత కాడు. ఆ ఆటగాడు 2024లోనే ప్యారిస్ విడిచి మాడ్రిడ్ చేరినాడు కదా అంటే, ఆ సంగతి పిల్లవానికి తెలుసు, చొక్కా అన్నగారిది.

ఉపాధ్యాయులలో కొందరు దీనిని పరదేశ వ్యామోహమని కోప్పడతారు. ఆ కోపం అనవసరం. పిల్లవాడు నేర్చినది తక్కువ విద్య కాదు. 2015 డిసెంబరులో, పదహారేండ్ల వయస్సున, మొనాకో జట్టు తరఫున తొలి ఆట. 2017లో ఆ జట్టుతో ఫ్రెంచి లీగు విజయం. ఆ యేడే ప్యారిస్‌కు బదిలీ, దాని వెల పద్దెనిమిది కోట్ల యూరోలు. 2018లో ప్రపంచ కప్పు. ఆరేండ్ల తరువాత మాడ్రిడ్. గణవిభజన చెప్పమంటే తడబడే నోరే ఈ పట్టికను ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పుతుంది. జ్ఞాపకశక్తి లేదని ఆ పిల్లవానిని ఎవరూ నిందింపజాలరు.

లోపం ఒక్కటే. పట్టిక మొనాకోతో మొదలవుతున్నది. మొనాకోకు ముందు బొందీ ఉన్నది.

బొందీ ప్యారిస్‌కు ఈశాన్యాన ఉన్న ఒక శివారు. అక్కడ శ్రమజీవులు, వలస వచ్చిన కుటుంబాలవారు ఎక్కువ. ఆ శివారు పేరు మీదనే ఒక చిన్న క్రీడాసంఘం ఉన్నది. ఎంబాపే తండ్రి ఆ సంఘంలోనే పిల్లలకు శిక్షకుడు. కొడుకు బుడిబుడి అడుగుల నాటినుంచి ఆ మైదానం అంచున పెరిగి, అక్కడనే ఆట నేర్చి, పదమూడవ యేట క్లేర్‌ఫోంతేన్‌లోని జాతీయ శిక్షణాలయంలో చేరినాడు. పద్దెనిమిది కోట్లు పలికిన కాలికి మొదటి బంతి ఇచ్చినది కోటీశ్వరుల జట్టు కాదు, పేట సంఘం. తెలుగులో బొంది అంటే దేహం. ఆ ఫ్రెంచి పేరుకు, ఈ మాటకు చుట్టరికం ఏమీ లేదు. అయినా, ప్రతిభ అనే ప్రాణం నిలవడానికి ఒక బొంది కావలెనని ఆ ఊరి పేరు వింటే తోచక మానదు.

అట్టి జీవితం తెలుగు నేల మీద నడిచినదా అని పిల్లలు అడిగితే, నడిచినదని చెప్పడానికి ఉపాధ్యాయులు సిద్ధంగా ఉండవలెను. తులసీదాస్ బలరాం 1936లో సికిందరాబాదు పక్కనున్న అమ్ముగూడలో పుట్టినాడు. ఇంట తమిళం, వీధిలో తెలుగు, ఉర్దూ. కంటోన్మెంటు సిపాయిలు ఆడుతుంటే చూచి ఆట నేర్చిన పేదపిల్లవాడు. ఆర్మీ కంబాట్ ఫోర్సు జట్టులోను, ఆ వెనుక హైదరాబాదు రైడర్స్ క్లబ్బులోను ఆడుతూ ఉండగా అతడు సయ్యద్ అబ్దుల్ రహీం కంట పడినాడు.

రహీం ఎవరో తెలిసినప్పుడు ఈ కథ ఉపాధ్యాయులకు సొంత కథ అవుతుంది. భారతదేశపు జట్టును 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకానికి నడిపిన ఆ శిక్షకుడు వృత్తిచేత బడిపంతులు. ఉస్మానియాలో పట్టం పుచ్చుకొని, కాచీగూడాలోను చాదర్‌ఘాట్‌లోను పాఠాలు చెప్పి, వ్యాయామవిద్యలో కూడా యోగ్యతాపత్రం సంపాదించినవాడు. అతని శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన పద్ధతులకు ఖర్చు లేదు. అలవాటైన కాలు ముట్టించక రెండవ కాలితోనే ఆడించే పోటీలు, బంతిని తన దగ్గర అట్టిపెట్టుకోక వెంటనే అందింపజేసే పోటీలు పిల్లలకు పెట్టేవాడు. ఇందుకు కావలసినది ఒక బంతి, ఒక ఈల, పిల్లల తప్పు ఎక్కడ ఉన్నదో కనిపెట్టగల ఒక పంతులు.

బలరాం వంటి వానిని సంతోష్ ట్రోఫీ జట్టు ఎంపికకు రమ్మన్నప్పుడు అడ్డు వచ్చినది ఆట కాదు, దూరం. అమ్ముగూడ నుంచి హైదరాబాదు మైదానానికి రావడానికి అద్దె సైకిలుకు డబ్బు లేదు. ఆ అద్దె రహీం భరించినాడు. 1956లో హైదరాబాదు సంతోష్ ట్రోఫీ గెలిచినది. ఆ యేడే మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందిన భారత జట్టులో ఇరువదేండ్ల బలరాం ఉన్నాడు. సైకిలు అద్దెకు, ఒలింపిక్సుకు నడుమ ఒక్క సంవత్సరం కూడా లేదు.

పిమ్మట నగర పోలీసు జట్టు, 1957లో కలకత్తా ఈస్టు బెంగాల్. కన్న ఊరు హైదరాబాదు, పెంచిన ఊరు కలకత్తా. 1958లో ఐ.ఎఫ్.ఎ. షీల్డు. 1961లో అతడే నాయకుడు. ఆ యేడు కలకత్తా లీగు గెలిపించి, ఇరువది మూడు గోళ్ళతో లీగులో అందరికంటె మిన్నగా నిలిచినాడు. ఆ క్లబ్బుకు అతడు చేసిన గోళ్ళు నూరుకు పైబడినవి. 1960 రోము ఒలింపిక్సులో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి అతనివే. ఆ రోములోనే భారత జట్టు ఫ్రాన్సును ఒకటికి ఒకటిగా నిలబెట్టినది; మొదటి గోలు మనవారిది, చేసినవాడు పి.కె. బెనర్జీ. ఎంబాపే చొక్కా తొడిగిన పిల్లవానికి ఈ ఒక్క ముక్క చెప్పి చూడవలెను, ముఖం ఎట్లా మారుతుందో!

1962లో జకార్తా స్వర్ణం, అర్జున పురస్కారం. 1963లో రైల్వే ఉద్యోగం, బి.ఎన్.ఆర్. జట్టు, ఆ యేడే ఊపిరితిత్తుల వ్యాధి. ఇరువది ఏడేండ్లకే ఆట ముగిసినది. ఆ తరంలో బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ఒక త్రయమని చెప్పుకొనేవారు. ముగ్గురిలో ఇద్దరికి పద్మశ్రీ వచ్చినది, మూడవవానికి రాలేదు. 2023 ఫిబ్రవరిలో అతడు బెంగాలులోనే కన్నుమూసినాడు.

ఇక్కడ తల్లిదండ్రులు ఒక మాట అంటారు, అది తీసిపారవేయదగిన మాట కాదు. అంతటివాని గతి అది అయితే, పిల్లవాని చదువు పాడుచేసి ఆటకు పంపడం ఎట్లా? ఒక్క జబ్బు, ఒక్క మోకాలి దెబ్బ చాలు, జీవనాధారం పోతుంది. నిజమే. అందుచేతనే పిల్లవానిని పదో తరగతిలో బడి మాన్పించి మైదానానికి తోలమని బుద్ధిగలవారెవరూ చెప్పరు. రోజుకు గంట ఆడితే చదువు చెడదు. ఆ గంట కూడా లేకపోతే పిల్లవానిలో ఏమి ఉన్నదో ఇంటివారికే తెలియదు.

మరొక ఆక్షేపణ ఇంతకంటె గట్టిది. సికిందరాబాదులో సిపాయిలు ఉన్నారు, హైదరాబాదులో పోలీసు జట్టు ఉన్నది. వరిచేల నడుమ ఉన్న తెనాలికి, బాపట్లకు, రేపల్లెకు అట్టి వాతావరణం ఎక్కడిది? ఇది చెడుగుడు నేల, ఫుట్‌బాల్ నేల కాదు అంటారు.

ఇందుకు జవాబు బాపట్లలోనే ఉన్నది. స్థానం నరసింహారావు 1902లో ఆ ఊరిలో పుట్టినాడు. 1920లో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషధారి రాకపోగా, ఆ వేషం ఈ కుర్రవానికి దక్కినది. ఆ ఒక్క రాత్రితో ముగిసిపోవలసిన కథ అది. అట్లా ఒక రాత్రి మెరిసి మాయమైన కుర్రవాళ్ళు ప్రతి ఊరిలోను ఉన్నారు. స్థానం అట్లా కాకపోవడానికి కారణం తెనాలి. అక్కడ శ్రీరామ విలాస సభ అనే నాటక సమాజం ఉన్నది. బాపట్ల కుర్రవాడు దానిలో చేరినాడు. తోటి నటుల నడుమ పదును తేరి, ఊరూరా రంగస్థలాల మీద సత్యభామగా, చిత్రాంగిగా ఆంధ్రదేశాన్ని ముగ్ధం చేసి, 1956లో పద్మశ్రీ అందుకొన్నాడు.

బాపట్ల నుంచి తెనాలి సభకు అతడు పోవడాన్ని నేటి పిల్లల భాషలో క్లబ్బు బదిలీ అనవచ్చును. నాటక సమాజం చేసే పని, ఫుట్‌బాల్ సంఘం చేసే పని ఒక్కటే. వేషం లేని రోజున కూడా రమ్మంటుంది. పెద్దవాని పక్కన చిన్నవానిని నిలబెడుతుంది. ఒకనాడు పెద్దవాడు రాకపోతే చిన్నవానికి తావు దొరుకుతుంది. ప్యారిస్ అని పేరు పెట్టుకొన్న ఊరు నటునికి చేసిన ఉపకారం ఆటగానికి చేయలేదు. చేతకాక కాదు, ఆ తలపు రాక. పేట పిల్లవాడు ఆరేండ్ల వయస్సున పేరు వ్రాయించుకొని, వారం వారం ఆడి, వయస్సుతోపాటు పై జట్టుకు ఎక్కే ఏర్పాటు బొందీలో ఉన్నది. అట్టిది ఈ మూడు ఊళ్ళలో మామూలు విషయం కాదు.

ఇక రేపల్లె సంగతి. తెనాలి నుంచి చీలిన రైలు దారి రేపల్లెలో ఆగిపోతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినవి. రేపల్లె బాపట్ల జిల్లాలో చేరినది, తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయినది. రేపల్లె పిల్లవాడు జిల్లా కేంద్రంలో జరిగే పోటీకి రైలు మీద పోదలచితే తెనాలి దాకా వచ్చి, బండి మారి, మళ్ళీ దక్షిణానికి బాపట్ల పోవలెను. బస్సు ఉన్నది, కాని బస్సుకూ ఛార్జీ ఉన్నది. అమ్ముగూడ సైకిలు అద్దె ఇక్కడ రేపల్లె బస్సు ఛార్జీ అయినది. దానిని భరించే రహీం ఎవరు? ఊరికొక దాత అక్కరలేదు. పూర్వ విద్యార్థులు పది మంది కలిస్తే ఒక జట్టు ఏడాది ప్రయాణానికి లోటుండదు.

ఆడపిల్లల మాట వేరుగా చెప్పవలసి ఉన్నది. నిజామాబాదు జిల్లాలోని ఒక తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఫార్వర్డు. ఆమె 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఎంపిక అయినది. తరువాత ఈస్టు బెంగాల్‌లో చేరి, 2024-25లో ఆ క్లబ్బు జాతీయ మహిళా లీగు గెలిచినప్పుడు జట్టులో ఉన్నది. ఆ యేడు దేశంలో ఉత్తమ క్రీడాకారిణి గౌరవం పొందినది. బలరాం తొడిగిన ఎరుపు పసుపు చొక్కాను అరువదేండ్లు దాటిన తరువాత ఒక తెలుగు తండా పిల్ల తొడిగినది. తండాలో మొదలయినది బాపట్లలో మొదలు కాకూడదా? సూర్యలంక ఇసుకలో మగపిల్లలు బంతి తన్నుతుంటే ఆడపిల్లలు చెప్పులు పట్టుకొని చూస్తూ నిలబడతారు. ఇసుకకు ఆ భేదం తెలియదు.

తిరిగి బడికి రావలసి ఉన్నది. ఈ వ్యవహారమంతా చివరకు అక్కడే తేలుతుంది. డ్రిల్లు పీరియడు కాలపట్టికలో ఉంటుంది. పరీక్షలు దగ్గర పడగానే దానిని లెక్కలు మింగుతాయి, లెక్కలు వదిలితే సైన్సు మింగుతుంది. తెలుగు ఉపాధ్యాయులు కూడా ఈ పాపంలో పాలు పంచుకొన్నవారే. ఛందస్సు పూర్తి కాలేదని ఎన్ని సాయంత్రాలు పట్టుకొనలేదు! వ్యాయామోపాధ్యాయుడు ఉన్న చోట ఆయనకు కాగితాల పని అప్పగిస్తారు. బంతులు కొనకపోవడం లేదు. కొన్న బంతులు గాలి తీసి, లెక్క వ్రాసి, బీరువాలో భద్రం చేస్తారు. పాడైతే జవాబు చెప్పుకోవలెనని భయం. భద్రంగా ఉన్న బంతికి ఎవరూ సంజాయిషీ అడగరు, అరిగిపోయిన బంతికి అడుగుతారు. ఆ పద్ధతి తిరగబడవలెను. ఏడాది చివర తనిఖీకి వచ్చిన అధికారి కొత్తగా మెరిసే బంతిని చూచి, ఇది ఎందుకు అరగలేదని అడిగే రోజు రావలెను.

ఇప్పటికి చేయగల పని చిన్నది. సాయంత్రం చివరి గంట కొట్టిన తరువాత ఆ బీరువా తాళపు చెవి ప్రధానోపాధ్యాయుని సొరుగులో ఉంటున్నది. ఒక గంట సేపు దానిని తొమ్మిదో తరగతి జట్టు నాయకునికో, నాయకురాలికో ఇవ్వడానికి ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు.